ఏసీ లైటు వెలుగుతూనే ఉంది, చల్లదనం మాత్రం పోయింది

ప్రశ్న: మా కారుకు ఎనిమిదేళ్లు. ఏసీ వేసిన మొదటి అరగంట బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తర్వాత ఉన్నట్టుండి చల్లదనం పోతుంది. గాలి జోరు తగ్గదు, ఏసీ లైటు వెలుగుతూనే ఉంటుంది, కానీ వచ్చేది వట్టి గాలి. కారు ఆపి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. బాగున్నంతసేపూ ఇంజిన్ వైపు నుంచి అప్పుడప్పుడూ టక్‌మని శబ్దం వస్తుంది. చల్లదనం పోయాక అదీ వినపడదు. ఒక మెకానిక్ గ్యాస్ తక్కువైందని రెండుసార్లు నింపాడు. ఇంకొకాయన కంప్రెసర్ మార్చాల్సిందే అంటున్నాడు. అంత ఖర్చు వద్దనుకుంటే బ్యాటరీ నుంచి కంప్రెసర్‌కు డైరెక్టుగా వైరు లాగి ఒక స్విచ్ పెట్టిస్తానంటున్నాడు. అసలు ఏసీ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎవరి మాట వినాలో తేల్చుకుంటాను. వివరంగా చెప్పగలరా?
- ఒక పాఠకుడు

జవాబు: ఆ డైరెక్టు వైరు మాత్రం వేయించుకోకండి. కంప్రెసర్ విషయంలో కూడా తొందరపడకండి. సగం పని మీ ఉత్తరమే చేసిపెట్టింది. గాలి జోరు తగ్గలేదన్నారు, టక్ శబ్దం ఆగిపోయిందన్నారు, కాసేపు ఆగితే దానంతటదే బాగవుతోందన్నారు. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం గ్యాస్ మీదికి పోవడం లేదు. ఏసీ గ్యాస్‌ను ఒత్తిపెట్టి పైపుల్లో తిప్పే పంపు కంప్రెసర్; దాని ముందు భాగంలో ఉండే క్లచ్ మీదికి, ఆ క్లచ్‌కు కరెంటు అందే దారి మీదికి పోతోంది. ఎందుకో అర్థం కావాలంటే ముందు మీరడిగిన దానికే రావాలి.

బటన్ మీద లైటు వెలిగిందంటే మీరు ఏసీ అడిగారని బండికి తెలిసిందన్నమాట, అంతే. కంప్రెసర్ తిరుగుతోందని దానర్థం కాదు. ఇప్పటి కార్లలో బటన్‌కూ కంప్రెసర్‌కూ నేరుగా వైరు ఉండదు. మీరు అడిగిన ఏసీ కంప్రెసర్ దాకా చేరాలంటే మధ్యలో చాలా చోట్ల అనుమతి కావాలి. వాటిలో ఏ ఒక్కటి కాదన్నా లైటు వెలుగుతూనే ఉంటుంది, కారు మాత్రం చల్లబడదు.

మొదట బ్లోయర్. చాలా కార్లలో ఫ్యాన్ నాబ్ సున్నా మీద ఉంటే ఏసీ బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. డాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్ మీదుగా గాలి పోకపోతే కాసేపటికే దాని మీద మంచు పట్టేస్తుంది, అందుకని ఆ ఏర్పాటు. ఆ కాయిల్ రెక్కల మధ్యనే చిన్న టెంపరేచర్ సెన్సర్ ఒకటి దూర్చి ఉంటుంది, దాన్ని థర్మిస్టర్ అంటారు. చల్లబడేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాయిల్ సుమారు 1 నుంచి 3 డిగ్రీల దాకా చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది, కాస్త వెచ్చబడగానే మళ్లీ మొదలవుతుంది. మీకు వినిపించే టక్ శబ్దాలు చాలావరకు దీని పుణ్యమే. ఈ సెన్సర్‌ను వాడుకున్న తీరు నాకు చాలా ఇష్టం. దాని వైరు తెగిపోతే కంట్రోల్ యూనిట్‌కు రెసిస్టెన్స్ విపరీతంగా పెరిగినట్టు, అంటే కాయిల్ గడ్డకట్టేంత చలిగా ఉన్నట్టు కనిపిస్తుంది. దాంతో అది కంప్రెసర్‌ను వేయనే వేయదు. వైరు పాడైతే ఏసీ రాదు తప్ప కాయిల్ గడ్డకట్టదు. ఎవరో బాగా ఆలోచించి చేసిన పని అది.

తర్వాతది గ్యాస్ పైపు మీద ఉండే ప్రెషర్ స్విచ్. ప్రెషర్ సుమారు 2 బార్ కన్నా కిందికి పడిపోతే, అంటే గ్యాస్ దాదాపు పోయినట్టయితే, కంప్రెసర్‌ను వేయనివ్వదు. 27 నుంచి 32 బార్ మధ్యకు పెరిగితే పైపులు, సీళ్లు దెబ్బతినకుండా ఆపేస్తుంది. మధ్యలో 15 బార్ దాటే దగ్గర, వేడెక్కిన గ్యాస్‌ను చల్లార్చే కండెన్సర్ ఫ్యాన్‌ను వేగంగా తిప్పమంటుంది. కొత్త కార్లలో స్విచ్ బదులు మూడు వైర్ల సెన్సర్ ఉంటుంది. దానికి 5 వోల్టులు ఇస్తే ప్రెషర్‌ను బట్టి అందులో కొంత వోల్టేజీని తిరిగి పంపుతుంది. ఎంత ప్రెషర్ ఉందన్న లెక్క ఇంజిన్ కంప్యూటరే చూసుకుంటుంది.

ఆ కంప్యూటర్ని ఈసీయూ అంటారు. చివరి మాట దానిదే. మీరు ఏసీ అడిగినట్టు, సెన్సర్లన్నీ సరే అన్నట్టు తెలిశాక కూడా అది ఇంజిన్ సంగతి చూసుకుంటుంది. ఇంజిన్ ఇప్పుడే స్టార్ట్ అయిందా, వేడి హద్దు దాటిందా, డ్రైవరు యాక్సిలరేటర్‌ను నేల దాకా నొక్కాడా అని చూస్తుంది. అలాంటిదేదైనా ఉంటే కాసేపు ఏసీని పక్కన పెడుతుంది. ఏమీ లేకపోతే కంప్రెసర్ బరువుకు ఇంజిన్ ఆగిపోకుండా ఐడ్లింగ్‌ను కాస్త పెంచి, ఏసీ రిలేకు ఆజ్ఞ ఇస్తుంది.

ఇక్కడి నుంచి అసలు కరెంటు కథ మొదలవుతుంది. మీ కారు రోగం కూడా నా ఉద్దేశంలో ఈ భాగంలోనే ఉంది. అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

రిలే అంటే బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో కూర్చునే చిన్న నల్ల డబ్బా. లోపల సన్నటి తీగ చుట్ట ఒకటి, దాని పక్కనే ఒక జత కాంటాక్టులు. ఈసీయూ ఆ తీగ చుట్టకు ఎర్త్ (బ్యాటరీ మైనస్ వైపు దారి) అందించగానే అది అయస్కాంతమై కాంటాక్టులను కలిపేస్తుంది. ఈసీయూ మోసేది చాలా చిన్న కరెంటే. ఆ కాంటాక్టుల గుండా మాత్రం బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటి వచ్చిన మూడు, నాలుగు ఆంపియర్లు క్లచ్‌కు పోతాయి. చాలా రిలేల అడుగున కాళ్ల పక్కన అంకెలు ఉంటాయి: 85, 86 తీగ చుట్టవి, 30లోకి బ్యాటరీ కరెంటు వస్తుంది, 87 నుంచి బయటికి పోతుంది. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, తర్వాత చెప్పబోయే పరీక్ష సులువుగా అర్థమవుతుంది.

ఇక క్లచ్. కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టు. ఏసీ వేసినా వేయకపోయినా బెల్టు మీది పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. ఆ పుల్లీ ముందు ఒక ఇనుప ప్లేటు ఉంటుంది, అది కంప్రెసర్ షాఫ్టుకు బిగించినది. పుల్లీ వెనక ఒక రాగి కాయిల్. కాయిల్‌కు కరెంటు అందితే ప్లేటును పుల్లీకి కరిపించి పట్టుకుంటుంది. టక్ అనేది అప్పుడే. ఆ క్షణం నుంచి షాఫ్టు తిరుగుతుంది, చల్లదనం మొదలవుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగులు ప్లేటును వెనక్కి లాగేస్తాయి.

ప్లేటు విడిగా ఉన్నప్పుడు దానికీ పుల్లీకీ మధ్య చిన్న సందు ఉంటుంది. చాలా కార్లలో అది 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు. ప్లేటు పట్టుకున్న ప్రతిసారీ అంచులు కొద్దికొద్దిగా అరుగుతాయి. ఎనిమిదేళ్లలో ఆ సందు రెట్టింపయినా ఆశ్చర్యం లేదు. అయస్కాంతం లాగే బలం సందు పెరిగినప్పుడు మామూలు లెక్కలో తగ్గదు. సందు రెట్టింపైతే లాగుడు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది.

దీనికి వేడి తోడవుతుంది. కొత్త కాయిల్ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 3.6 ఓమ్‌లు అనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు అందితే 3.8 ఆంపియర్లు పారతాయి. ఇంజిన్ పక్కన అరగంట కాగి కాయిల్ 100 డిగ్రీలకు చేరిందంటే, రాగి స్వభావం వల్ల అదే కాయిల్ రెసిస్టెన్స్ 4.7 ఓమ్‌లు దాటుతుంది. కరెంటు 3 ఆంపియర్ల కన్నా కిందికి దిగుతుంది. లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పటి బలంలో పదింట ఆరు పాళ్లు కూడా మిగలవు. మధ్యలో ఏ పాత కనెక్టరో ఒకటి రెండు వోల్టులు మింగేస్తుంటే ఇంకా తక్కువ.

మీకు ఉన్నట్టుండి చల్లదనం ఎందుకు పోతుందో ఇప్పుడు చూడండి. పుల్లీకి అతుక్కున్న ప్లేటును పట్టి ఉంచడానికి పెద్ద బలం అక్కర్లేదు, అప్పుడు మధ్యలో సందే లేదు కదా. అందుకే కాయిల్ వేడెక్కినా ఏసీ పనిచేస్తూనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి థర్మిస్టర్ మామూలుగానే కంప్రెసర్‌ను ఆపుతుంది, ప్లేటు విడిపోతుంది. కాసేపటికి ఈసీయూ మళ్లీ కరెంటు ఇస్తుంది. ఈసారి కాయిల్ వేడిగా ఉంది, సందు పెద్దగా ఉంది, ప్లేటును లాగే సత్తా దానికి లేదు. టక్ శబ్దం రాదు. కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది కాబట్టి వేడి తగ్గే అవకాశం కూడా ఉండదు. మీరు బండి ఆపి పావుగంట ఆగితే కాయిల్ చల్లారి మళ్లీ లాగగలుగుతుంది. మీరు రాసిన ప్రతి లక్షణం దీనికి సరిపోతోంది.

సరిపోయినంత మాత్రాన ఇదే అని తేల్చేయలేను. ఇవే లక్షణాలు చూపించేవి ఇంకా కొన్ని ఉన్నాయి. కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటే కూడా బండి ఆపాకే బాగవుతుంది, కానీ అప్పుడు గాలి జోరు తగ్గిపోతుంది, ఆపాక కారు కింద నీళ్లు ఎక్కువగా కారతాయి. మీకు గాలి తగ్గడం లేదు కాబట్టి అది కాదు. ప్రెషర్ హద్దు మీరి ఆగిపోయినా ఇలాగే ఉంటుంది, కాకపోతే కంప్రెసర్ ఆగిన ఒకటి రెండు నిమిషాల్లోనే ప్రెషర్ దిగిపోయి మళ్లీ మొదలవుతుంది, పావుగంట పట్టదు. అయినా రెండుసార్లు గ్యాస్ నింపించుకున్నారు కాబట్టి దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఎక్కువ నింపితే ట్రాఫిక్‌లో ప్రెషర్ తేలిగ్గా పైకి పోతుంది. కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోయినా అంతే. ఆగి ఉన్నప్పుడు చల్లదనం పోయి, వేగంగా వెళ్తుంటే తిరిగి వస్తోందంటే ముందు ఆ ఫ్యాన్‌ను చూడాలి. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు పైకి పోతోందేమో కూడా ఒక కన్నేసి ఉంచండి. రిలే కూడా వేడికి మొరాయిస్తుంది.

గ్యాస్ గురించి ఒక మాట. పెట్రోలులా అది ఖర్చయ్యేది కాదు. సీళ్ల నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవచ్చు, లేదా ఎక్కడో లీకు ఉండాలి. లీకైతే చల్లదనం రోజురోజుకూ తగ్గుతుంది. అరగంట తిరిగాక పోవడం, పావుగంట ఆగితే తిరిగి రావడం ఉండదు. ఇంకొకటి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజీ పెట్టి చూసి గ్యాస్ తక్కువని చెబితే నమ్మకండి. పైపుల్లో ద్రవం కొంచెం మిగిలి ఉన్నా ప్రెషర్ బయటి వేడిని బట్టే ఉంటుంది. ఆర్-134ఏ గ్యాస్ అయితే 30 డిగ్రీల దగ్గర గేజీ 6.7 బార్ దరిదాపుల్లో చూపిస్తుంది, లోపల సగమే ఉన్నా, నిండుగా ఉన్నా అంతే. ఎంత ఉందో తెలియాలంటే మొత్తం బయటికి తీసి తూకం వేయాలి. ఎంత ఉండాలో బానెట్ కింద అతికించిన స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. మీకు రెండుసార్లు అందాజుగా నింపి ఉంటే, ఈసారి తూకం ప్రకారం నింపించుకోండి.

ఇక పరీక్ష. అన్నింటికన్నా ముఖ్యమైనది ఏమిటంటే, చల్లదనం పోయి ఉన్న సమయంలోనే చూడాలి. వర్క్‌షాప్‌కు వెళ్లేసరికి బాగైపోతే ఎంత గొప్ప మెకానిక్‌కైనా ఏమీ దొరకదు. అందుకని అక్కడే ఇంజిన్ నడుస్తుండగా, ఏసీ వేసి, అరగంట ఓపిగ్గా ఆగమనండి. లేదా ట్రబుల్ మొదలవగానే ఇంజిన్ ఆపకుండా అక్కడికి తీసుకెళ్లండి.

మీరు చూడగలిగింది ఒకటుంది. న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి, బానెట్ ఎత్తి దూరం నుంచి కంప్రెసర్ ముందు భాగాన్ని చూడండి. వదులు బట్టలు, వేలాడే జుట్టు బెల్టు దగ్గరికి పోనివ్వకండి, చెయ్యి అసలు పెట్టకండి. పుల్లీ తిరుగుతూ మధ్యలోని ప్లేటు కదలకుండా ఉంటే క్లచ్ పట్టుకోలేదన్నమాట. ప్లేటు కూడా తిరుగుతూ చల్లదనం లేకపోతే నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి గ్యాస్ ప్రెషర్లు, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు, డాష్‌బోర్డు లోపల వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపు మోటారు, ఇవన్నీ చూడాల్సి వస్తుంది.

ప్లేటు ఆగి ఉంటే ఇక పని మల్టీమీటర్‌ది. క్లచ్ కనెక్టర్‌ను ఊడదీయకుండా, వెనక నుంచి ప్రోబ్ పెట్టి వోల్టేజీ చూడమనండి. ఊడదీసి చూడటం చాలామంది చేసే పొరపాటు. కనెక్టర్ ఊడదీస్తే కరెంటు పారదు, కరెంటు పారకపోతే ఎంత తుప్పు పట్టిన వైరైనా మీటర్‌కు 12 వోల్టులు చూపించేస్తుంది. లోడు ఉన్నప్పుడే దాని బండారం బయటపడుతుంది.

అక్కడ 13 వోల్టుల పైన ఉండి ప్లేటు కదలకపోతే కరెంటు దారి బాగుంది, తప్పు క్లచ్‌దే. ఫీలర్ గేజ్‌తో, అంటే సందులు కొలిచే సన్నటి రేకులతో, సందు కొలవాలి. చాలా రకాల కంప్రెసర్లలో ప్లేటు వెనక షిమ్‌లు అనే సన్నటి వాషర్లు ఉంటాయి. ఒకటి తీసేస్తే సందు తగ్గి క్లచ్ ఇంకొన్నేళ్లు నడుస్తుంది. దానికి గ్యాస్ బయటికి తీయాల్సిన అవసరం లేదు. కాయిల్ కాలిపోయినా చాలా మోడళ్లకు కాయిల్ ఒక్కటే, లేదా క్లచ్ సెట్టు ఒక్కటే దొరుకుతుంది. మొత్తం కంప్రెసర్ మార్చమనే ముందు ఈ సందు ఎంతుందో అంకెల్లో చెప్పమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

10, 11 వోల్టులే కనిపిస్తే మధ్యలో ఏదో మింగుతోంది. మీటర్ ఒక ప్రోబ్‌ను బ్యాటరీ ప్లస్ మీద ఉంచి, రెండోదాన్ని దారి వెంట ఒక్కో చోట పెడుతూ పోవాలి: ఫ్యూజ్, రిలే 30, రిలే 87, చివరికి క్లచ్ కనెక్టర్. అంకె ఎక్కడ ఎగిరి దూకితే అక్కడే లోపం. ఎక్కువగా దొరికేవి నల్లబడిన రిలే కాంటాక్టులు, వదులైన సాకెట్ పిన్నులు. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి.

అసలు వోల్టేజీయే లేకపోతే రిలే దగ్గరికి వెళ్లాలి. 85, 86లలో ఒకవైపు కరెంటు ఉండి, రెండోవైపు ఈసీయూ ఎర్త్ ఇస్తుంటే, 30లో కరెంటు ఉండి 87లో లేకపోతే, రిలే పోయింది. అదే నంబరున్న ఇంకో రిలే ఫ్యూజ్ బాక్సులో ఉంటే మార్చి చూడొచ్చు. ఈసీయూ ఎర్త్ ఇవ్వడం లేదంటే అదే వద్దంటోంది. అప్పుడు ఈసీయూలోని అంకెలను చదివే స్కానర్ పెట్టి లైవ్ డేటాలో ఏసీ రిక్వెస్ట్ వచ్చిందా, గ్యాస్ ప్రెషర్ ఎంత, కూలింగ్ కాయిల్ టెంపరేచర్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని చూస్తే ఎవరు అడ్డుపడుతున్నారో తెరమీదే కనిపిస్తుంది. సెన్సర్ల సన్నటి వైర్ల మీద బల్బున్న టెస్ట్ లాంప్ మాత్రం పెట్టనివ్వకండి. అది లాగే కరెంటు ఈసీయూను దెబ్బతీయొచ్చు.

డైరెక్టు వైరు ఎందుకు వద్దన్నానో ఈపాటికి మీకే అర్థమై ఉంటుంది. తెలిసిన మెకానిక్ క్లచ్ లాగుతుందో లేదో చూడటానికి కొన్ని సెకన్లు అలా కరెంటు ఇస్తే తప్పులేదు. ఎప్పటికీ అలాగే నడిపితే పైన చెప్పిన కాపలా మొత్తం పోతుంది. గ్యాస్ లీకై పోయినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ లేకపోతే ఆయిల్ కూడా అందదు. లోపల లోహం లోహాన్ని రాసుకుని పట్టేస్తుంది, ఆ రజను కండెన్సర్ దాకా పోతుంది. చాలా కార్లలో అదే బెల్టు ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును కూడా తిప్పుతుంది. కంప్రెసర్ పట్టేసి బెల్టు తెగిందంటే నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. పైగా వేడికి నీరసించిన కాయిల్‌కు డైరెక్టు వైరు మహా అయితే ఒక వోల్టు ఎక్కువ ఇస్తుంది. సందు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మళ్లీ ఇదే బాధ తిరిగొస్తుంది.

క్లచ్‌కు పని చేయించేటప్పుడు చాలామంది మర్చిపోయే భాగం ఒకటుంది. కాయిల్‌కు సమాంతరంగా చాలా కార్లలో ఒక డయోడ్ ఉంటుంది, కనెక్టర్‌లోనో వైరింగ్‌లోనో టేపు చుట్టి కనిపిస్తుంది. కాయిల్‌కు కరెంటు ఆగిన క్షణంలో అయస్కాంతం కూలిపోతూ పెద్ద వోల్టేజీ పుట్టిస్తుంది. డయోడ్ దాన్ని అక్కడికక్కడే దింపేస్తుంది. అది లేకపోతే ఆ దెబ్బ రిలే కాంటాక్టుల మీద, దగ్గర్లోని ఎలక్ట్రానిక్స్ మీద పడుతుంది. కాయిల్ మార్చినప్పుడు పాత డయోడ్‌ను తిరిగి వేశారా, దిశ సరిగా ఉందా అని దగ్గరుండి చూసుకోండి.

ఇదే సమస్య ఉన్న మిగతా పాఠకులకు ఒక హెచ్చరిక. ఇదంతా క్లచ్ ఉన్న కంప్రెసర్ల సంగతి. కొన్ని కార్లలో క్లచ్ ఉండదు, ప్లేటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి వాల్వుకు కరెంటును పల్సులుగా ఇస్తూ చల్లదనాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. వాటిలో టక్ శబ్దం రాకపోవడం లోపం కాదు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్‌కు వెళ్లేవి నారింజ రంగు కేబుళ్లయితే వాటిలో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. వాటి జోలికి శిక్షణ పొందినవారు తప్ప ఎవరూ పోకూడదు.

మీరు మాత్రం ట్రబుల్ వచ్చినప్పుడు ప్లేటు తిరుగుతోందా లేదా, క్లచ్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి, సందు ఎన్ని మిల్లీమీటర్లు అన్న వివరాలు రాసి పంపండి. వాటితో కంప్రెసర్‌ను మార్చాలో, ఒక షిమ్ తీస్తే సరిపోతుందో కచ్చితంగా చెప్పగలుగుతాను.